మా టౌన్‌షిప్‌లో అఫర్డబుల్ హౌసింగ్ వద్దని పిటిషన్ తిరుగుతోంది. సంతకం పెట్టాలా?

కృష్ణాతీరం (సెంట్రల్ జెర్సీ)
అందరికీ నమస్కారం. మా టౌన్‌షిప్‌లో హైవే పక్కన చాలాకాలంగా ఖాళీగా పడున్న ఆఫీస్ పార్కు ఒకటుంది. దాని జోనింగ్ (ఏ స్థలంలో ఏం కట్టొచ్చో చెప్పే ఊరి నిబంధన) మార్చి అపార్ట్‌మెంట్లు కట్టనివ్వాలని ప్లాన్ పెట్టారు. వాటిలో కొన్ని అఫర్డబుల్ యూనిట్లు, అంటే తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు అందుబాటు ధరలో ఇచ్చేవి. దీన్ని ఆపాలని పిటిషన్ మొదలైంది. మన తెలుగువాళ్ల వాట్సాప్ గ్రూపులోనే బోలెడు సంతకాలు పడ్డాయి. స్కూళ్లు నిండిపోతాయి, ట్రాఫిక్ పెరుగుతుంది, ఇళ్ల ధరలు పడిపోతాయి అంటున్నారు. "ఎలాంటి వాళ్లొస్తారో ఏమో" అని కూడా ఇద్దరు ముగ్గురు రాశారు. ఆ మాట నాకు మింగుడుపడలేదు. అయితే మిగతా భయాల్లో ఎంత నిజం ఉందో కూడా నాకు తెలియదు. ఊళ్లో ఇంతమందికి ఇష్టం లేనప్పుడు టౌన్‌షిప్ ఎందుకు పట్టుబడుతోంది? తెలిసినవాళ్లు చెప్పండి, చదివాకే నిర్ణయించుకుంటాను.

మోహన్_ఓక్‌ట్రీ (న్యూజెర్సీ)
నేను ఇలాంటి పిటిషన్ మీద సంతకం పెట్టాను, ఎందుకో చెప్తాను. అపార్ట్‌మెంట్‌లో ఏళ్ల తరబడి ఉండి, డౌన్ పేమెంట్ కూడబెట్టుకుని, పిల్లల స్కూలు చూసుకుని ఇక్కడ కొన్నాం. దేశంలో అందరికంటే ఎక్కువ ప్రాపర్టీ ట్యాక్స్ కట్టేది మన న్యూజెర్సీ వాళ్లమే. మా పిల్లల స్కూల్లో ఇప్పటికే ట్రెయిలర్లలో క్లాసులు పెడుతున్నారు. కొత్తగా వందల యూనిట్లు వస్తే ఆ భారం ఎవరి మీద? ఇంకో సంగతి. అఫర్డబుల్ అని పేరేగానీ నూటికి 80 యూనిట్లు బిల్డర్ మార్కెట్ ధరకే అమ్ముకుంటాడు. పేదవాళ్ల పేరు చెప్పి బిల్డర్ బాగుపడుతున్నాడు. ఇందులో జాతి, రంగు అనే ఆలోచన నాకు లేదు. అలా అనేవాళ్లుంటే వాళ్లది తప్పే.

ప్లానర్_సుజాత (న్యూజెర్సీ)
కృష్ణాతీరం గారూ, నేను ఈ రాష్ట్రంలోనే పట్టణ ప్రణాళిక విభాగంలో పనిచేస్తాను. మీ టౌన్‌షిప్‌ది కాదు కాబట్టి స్వేచ్ఛగా రాయగలను.

టౌన్‌షిప్‌కి వేరే దారి లేదు. కథ మౌంట్ లారెల్ అనే ఊరి నుంచి మొదలవుతుంది. ఫిలడెల్ఫియాకి దగ్గర్లో, దక్షిణ జెర్సీలో ఉంటుంది. అక్కడ తరతరాలుగా పొలాల్లో పనిచేసిన నల్లజాతి కుటుంబాలు శిథిలమైన ఇళ్లలో ఉండేవి. 1960ల చివర్లో ఊరు సబర్బ్‌గా మారుతుంటే వాళ్ల పిల్లలు అదే ఊళ్లో ఉండేందుకు 36 చిన్న అపార్ట్‌మెంట్లు కట్టుకుంటామని అడిగారు. జోనింగ్ ఒప్పుకోదన్నారు. 1970లో చర్చిలో జరిగిన సమావేశంలో, ఇక్కడ ఉండే స్తోమత లేకపోతే మీరు వెళ్లిపోవాల్సిందేనని మేయరే వాళ్ల ముఖం మీద చెప్పాడు. ఎథెల్ లారెన్స్ అనే డేకేర్ టీచరు, ఇంకొందరు కలిసి కోర్టుకు వెళ్లారు.

1975లో న్యూజెర్సీ సుప్రీంకోర్టు చెప్పింది: జోనింగ్ అధికారం రాష్ట్రం ఊళ్లకు ఇచ్చింది, కాబట్టి ఆ అధికారాన్ని ప్రజలందరి మేలు కోసం వాడాలి, తక్కువ ఆదాయం ఉన్నవాళ్లను బయట ఉంచడానికి వాడకూడదు. ప్రతి ఊరూ తన ప్రాంతపు అవసరంలో న్యాయమైన వాటాకు చోటివ్వాలి. ఊళ్లు వినలేదు. 1983లో అదే కోర్టు రెండో తీర్పులో బిల్డర్లకు ఒక ఆయుధం ఇచ్చింది. ఊరు తన వాటా తీర్చకపోతే, అఫర్డబుల్ యూనిట్లు పెట్టే బిల్డర్ కోర్టుకెళ్లి, ఊరి జోనింగ్‌ని పక్కనపెట్టి కట్టుకునే అనుమతి తెచ్చుకోవచ్చు. మోహన్ గారు అన్న ఆ 80 శాతం ఇక్కడి నుంచే వచ్చింది. ఇలాంటి ప్రాజెక్టుల్లో ప్రభుత్వం డబ్బు పెట్టదు కాబట్టి మార్కెట్ యూనిట్ల లాభంతో 15 నుంచి 20 శాతం అఫర్డబుల్ యూనిట్లు నడుస్తాయి. ప్రభుత్వమే నేరుగా కడితే బాగుండేదని నేనూ అంటాను. కానీ 1998లో ఫెయిర్‌క్లాత్ సవరణ వచ్చాక, ఉన్న సంఖ్యకు మించి పబ్లిక్ హౌసింగ్ కట్టడానికి ఫెడరల్ డబ్బు దొరకదు.

2024 మార్చిలో వచ్చిన కొత్త చట్టం ప్రకారం 2025 నుంచి 2035 వరకు ప్రతి ఊరికీ ఒక లెక్క ఉంది. ప్లాన్ ఇవ్వడానికి ఊళ్లకు 2025 జూన్ 30, జోనింగ్ మార్చడానికి 2026 మార్చి 15 గడువు పెట్టారు. అలా చేసిన ఊరికి బిల్డర్ల దావాల నుంచి రక్షణ ఉంటుంది. పిటిషన్ పెట్టి ప్లాన్ ఆపితే ఆ రక్షణ పోతుంది. అప్పుడు అపార్ట్‌మెంట్లు ఎక్కడ వస్తాయో ఊరు కాకుండా బిల్డర్ నిర్ణయిస్తాడు.

మోహన్_ఓక్‌ట్రీ
సుజాత గారూ, వివరంగా చెప్పినందుకు థాంక్స్. నాదో ప్రశ్న. ట్రెంటన్, న్యూవార్క్, క్యామ్డెన్‌లలో స్థలం చౌక. బస్సులు, రైళ్లు ఉన్నాయి. అక్కడ అదే డబ్బుకి రెండింతలు కట్టొచ్చు కదా? కారు లేనివాళ్లను తెచ్చి హైవే పక్కన పెడితే వాళ్లకేం లాభం?

ప్లానర్_సుజాత
ఆ పద్ధతి ఇక్కడ ఇరవై ఏళ్లకు పైగా నడిచింది. 1985 చట్టంలో సబర్బ్‌లు తమ వాటాలో సగం దాకా వేరే ఊరికి డబ్బిచ్చి బదిలీ చేసుకునే వీలుండేది. డబ్బున్న ఊళ్లు చెక్కు రాసి చేతులు దులుపుకున్నాయి. పేద పట్టణాలకు డబ్బు అవసరం కాబట్టి తీసుకున్నాయి. దాంతో పేదరికం ఉన్నచోటే ఇంకా పోగుపడింది. మన రాష్ట్రంలో స్కూలు డబ్బులో పెద్ద భాగం ఊరి ప్రాపర్టీ ట్యాక్స్ నుంచే వస్తుంది. అంటే పిల్ల ఏ ఊళ్లో ఉందన్నదే ఆ పిల్ల చదువును నిర్ణయిస్తుంది. 2008లో ఆ బదిలీలు రద్దు చేశారు.

రవాణా గురించి మీరన్నది మాత్రం సరైన ప్రశ్న. దాన్ని హియరింగ్‌లో అడగండి.

గోదారి_గాలి (ఫ్రీమాంట్)
నేను రిటైరయ్యాక ఈ విషయం మీద చాలా చదివాను, అందుకని కాస్త పెద్దగా రాస్తున్నాను, ఓపిగ్గా చదవండి. "ఇందులో రంగు లేదు" అని మోహన్ గారు మనస్ఫూర్తిగానే అన్నారు. కానీ ఆయన ఇల్లు ఏ చట్రంలో ఉందో, ఆ చట్రం ఎలా తయారైందో తెలియాలి.

1910లో బాల్టిమోర్ నగరం ఒక చట్టం చేసింది. తెల్లవాళ్లు ఎక్కువున్న బ్లాకులోకి నల్లవాళ్లు, నల్లవాళ్లు ఎక్కువున్న బ్లాకులోకి తెల్లవాళ్లు మారకూడదు. దక్షిణాదిలో చాలా నగరాలు దాన్ని అనుసరించాయి. లూయీవిల్ చేసిన అలాంటి చట్టాన్ని 1917లో అమెరికా సుప్రీంకోర్టు కొట్టేసింది. కారణం సమానత్వం కాదు, ఆస్తి అమ్ముకునే హక్కుకు అడ్డం వస్తోందని. సరిగ్గా ఆ రోజుల్లోనే రంగు పేరెత్తని జోనింగ్ ఊపందుకుంది. 1916లో కాలిఫోర్నియాలోని బర్కిలీ నగరం ఎల్మ్‌వుడ్ అనే పేటలో ఒక స్థలానికి ఒకే కుటుంబం ఉండే ఇల్లు తప్ప ఇంకేదీ కట్టకూడదని నిబంధన పెట్టింది. నల్లవాళ్ల డ్యాన్స్ హాలు రాకుండా ఆపడం కూడా దాని వెనకున్న కారణాల్లో ఒకటి.

తర్వాత క్లీవ్‌లాండ్ పక్కనున్న యూక్లిడ్ గ్రామం కేసు. 1924లో కింది కోర్టు జడ్జి జోనింగ్‌ని కొట్టేస్తూ, చివరికి ఇది మనుషుల్ని ఆదాయాన్ని బట్టి, బతుకు స్థాయిని బట్టి విడదీయడమేనని తీర్పులో రాశాడు. 1926లో సుప్రీంకోర్టు ఆ తీర్పును తిరగరాసింది. చక్కని ఇళ్ల పేటలో అపార్ట్‌మెంట్ భవనం చాలాసార్లు ఒక పరాన్నజీవి లాంటిదని మెజారిటీ తీర్పులో ఉంది. రాసింది జస్టిస్ జార్జ్ సదర్లాండ్. ఈ దేశంలో జోనింగ్ నిలబడింది ఆ తీర్పు మీదే.

మనవాళ్లు గుర్తుపెట్టుకోవాల్సిన సంగతి ఇప్పుడు చెప్తాను. మూడేళ్ల ముందు, 1923లో, భారతీయులు "తెల్లవాళ్లు" కారు కాబట్టి పౌరసత్వానికి అర్హులు కారని భగత్ సింగ్ థింద్ కేసులో తీర్పు రాసింది కూడా ఇదే సదర్లాండ్. ఆ తీర్పు వల్ల అప్పటికే పౌరసత్వం వచ్చినవాళ్లది కూడా లాగేసుకున్నారు. వాళ్లలో ఒకరు శాన్‌ఫ్రాన్సిస్కోలో దుకాణం నడిపిన వైష్ణో దాస్ బగాయ్. 1915లో భార్య కళ, ముగ్గురు కొడుకులతో వచ్చాడు. బర్కిలీలో ఇల్లు కొనుక్కుని సామాను తీసుకుని వెళ్తే, పక్కింటివాళ్లు ఆ ఇంటికి తాళాలు వేసి లోపలికి రానివ్వలేదు. పౌరసత్వం పోయాక, 1928లో ఆయన ప్రాణం తీసుకున్నాడు. ఇప్పుడు బర్కిలీలో ఒక వీధికి కళా బగాయ్ పేరు ఉంది.

అప్పట్లో కాలిఫోర్నియా ఇళ్ల దస్తావేజుల్లో నల్లవాళ్లు, ఆసియావాళ్లు ఉండకూడదని షరతులు మామూలే. ఇంట్లో పనిచేసే నౌకర్లకు మాత్రమే మినహాయింపు. "ఎలాంటి వాళ్లొస్తారో" అనే మాట మన గురించి అన్న మాటే.

తేజ_లాంగ్ఐలాండ్
అంకుల్, ఇది నాకు అస్సలు తెలియదు. మేం స్టూడెంట్లం కలిసి ఇల్లు తీసుకుందామంటే, రక్తసంబంధం లేనివాళ్లు ఇంతమందికి మించి ఉండకూడదని ఊరి రూలు ఉందని ఓనరు ఒప్పుకోలేదు. అది కూడా జోనింగేనా?

గోదారి_గాలి
అవును బాబూ. దాని మీద పెద్ద కేసు నడిచింది కూడా మీ దగ్గరే. లాంగ్ ఐలాండ్‌లో బెల్ టెర్ అనే చిన్న గ్రామంలో ఆరుగురు స్టోనీ బ్రూక్ విద్యార్థులు ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నారు. బంధుత్వం లేనివాళ్లు ఇద్దరికి మించి ఒక ఇంట్లో ఉండకూడదని ఆ గ్రామ చట్టం. 1974లో సుప్రీంకోర్టు గ్రామానిదే రైటు అంది. మన పిల్లలు డబ్బు మిగుల్చుకోవడానికి కలిసి ఉండటం చాలా ఊళ్లలో రూలుకి విరుద్ధమే. ఆరెగాన్, వాషింగ్టన్, కొలరాడో లాంటి రాష్ట్రాలు ఈ మధ్య అలాంటి పరిమితులు తీసేశాయి.

మోహన్_ఓక్‌ట్రీ
చరిత్ర బాధాకరమే, కాదనను. కానీ ఇళ్ల అమ్మకాల్లో, అద్దెల్లో వివక్ష చూపకూడదని 1968లో ఫెయిర్ హౌసింగ్ చట్టం వచ్చింది. ఇప్పుడు ఎవరి రంగూ ఎవరూ అడగరు. మా వీధిలో గుజరాతీలు, చైనావాళ్లు, నల్లవాళ్లు అందరూ ఉన్నారు. డబ్బుంటే ఎవరైనా కొనొచ్చు. ఆదాయాన్ని బట్టి ఇల్లు దొరకడం ప్రపంచంలో ఎక్కడైనా ఉన్నదే కదా?

ప్లానర్_సుజాత
మోహన్ గారూ, డబ్బుంటే కొనొచ్చు నిజమే. ఆ డబ్బు ఎవరి దగ్గర ఎలా చేరిందన్నది చూడాలి. 1934లో ఏర్పడ్డ ఫెడరల్ హౌసింగ్ సంస్థ ఇంటి లోన్లకు హామీ ఇచ్చేది. నల్లవాళ్లున్న పేటలకు ఆ హామీ దొరికేది కాదు. ప్రభుత్వ మ్యాపుల్లో ఆ పేటలకు ఎర్ర రంగు వేసేవారు. న్యూయార్క్ దగ్గర 1947లో మొదలైన లెవిట్‌టౌన్‌లో వేలాది ఇళ్లు ఆ హామీతోనే కట్టారు, తెల్లవాళ్లకు మాత్రమే ఇచ్చారు. ఆ తరం కొన్న ఇల్లు తర్వాతి తరానికి కాలేజీ ఫీజు అయింది, ఆ పై తరానికి డౌన్ పేమెంట్ అయింది. దొరకని కుటుంబానికి ఈ మూడూ లేవు. 1968 తర్వాత దస్తావేజులో రంగు రాయక్కర్లేదు. ఎకరం కన్నా తక్కువ స్థలంలో ఇల్లు కట్టకూడదు, అపార్ట్‌మెంట్ అసలే కూడదు అని రాస్తే చాలు, ఫలితం దాదాపు అదే వస్తుంది. రాజ్యాంగంలోని సమానత్వ హక్కు కింద కోర్టుకెళ్తే, 1977లో వచ్చిన ఆర్లింగ్టన్ హైట్స్ తీర్పు ప్రకారం, ఆ ఊరు కావాలనే వివక్ష చూపిందని నిరూపించాలి. ఎవరు రాసిపెట్టుకుంటారండీ అలాగని?

రజిత_హైదరాబాద్
ఇక్కడి నుంచి చదువుతున్నాను. ఎకరం రూలు గురించి చదువుతుంటే మా తాతగారి ఊరు గుర్తొచ్చింది. ఊరు ఒక చోట, వాడ దూరంగా ఇంకో చోట. ఏ కాగితం మీదా రాసి లేదు, అందరికీ తెలుసు. ఈ రోజుకీ హైదరాబాద్‌లో ఇల్లు అద్దెకు వెతుకుతుంటే ఫోన్‌లోనే "మీరేమిట్లు?" అని అడుగుతారు. 2006లో ఇక్కడ ఎఫ్‌ఎస్‌ఐ (స్థలాన్ని బట్టి ఎంత కట్టొచ్చనే లెక్క) పరిమితి ఎత్తేశారు కాబట్టి ఎత్తైన టవర్లకు కొదవలేదు. అయినా ఇల్లు ఇచ్చేవాడు మనిషిని చూసి ఇస్తున్నాడు. అందుకే ఒక్క జోనింగ్ మారిస్తే అంతా మారుతుందని నేను నమ్మను. ఇవ్వననేవాడి మీద గట్టి చట్టం కూడా కావాలి. అమెరికా 1968లో చేసిన ఆ చట్టం లాంటిది మాకు ఇంకా లేదు.

వంశీ_శాన్‌హోసే
రజిత గారి మాటతో ఏకీభవిస్తున్నాను, రెండూ కావాలి. శాన్‌ఫ్రాన్సిస్కో చుట్టుపక్కలుండే మా బే ఏరియా సంగతి చెప్తాను. ఇక్కడ ఉద్యోగాలు వచ్చినంత వేగంగా ఇళ్లు రానివ్వలేదు. నివాసానికి కేటాయించిన భూమిలో చాలా భాగం ఒక్క కుటుంబపు ఇళ్లకే. దానికి తోడు 1978లో వచ్చిన ప్రాప్ 13 అనే కాలిఫోర్నియా పన్ను నిబంధన. ఇల్లు అమ్మేదాకా ట్యాక్స్ లెక్కించే విలువ ఏడాదికి 2 శాతం మించి పెరగదు. అందుకే పక్కపక్క ఇళ్లలో ఒకే సైజు ఇంటికి ఒకరు కట్టే ట్యాక్స్ ఇంకొకరిదానికి ఎన్నో రెట్లు ఉంటుంది. ఉన్నవాళ్లకు కదలాల్సిన అవసరం లేదు, కొత్తవాళ్లకు చోటు లేదు. మా పాప టీచరు ట్రేసీ అనే దూరపు ఊరి నుంచి డ్రైవ్ చేసుకుని వస్తుంది. కంపెనీల చుట్టుపక్కల వీధుల్లో ఆర్వీల (జనం కాపురముండే పెద్ద వ్యాన్ల) వరసలు చూస్తుంటాం. వాటిలో ఉండేవాళ్లలో చాలామంది పొద్దున్నే లేచి పనికి వెళ్తారు.

2021లో ఎస్‌బీ 9 అనే రాష్ట్ర చట్టంతో ఒక ఇంటి స్థలాన్ని రెండుగా విడదీసుకోనిచ్చారు. 2025 అక్టోబరులో రైలు స్టేషన్ల దగ్గర ఎత్తైన అపార్ట్‌మెంట్లు కట్టనిచ్చే ఎస్‌బీ 79 మీద గవర్నరు సంతకం పెట్టారు. యాభై ఏళ్లు ఆలస్యం.

ప్రసాద్_ఎల్ఏ
వంశీ గారూ, ఆర్వీల సంగతి సరే. ఎల్ఏ డౌన్‌టౌన్‌లో ఫుట్‌పాత్‌ల మీద ఉన్నవాళ్లను నేను రోజూ చూస్తాను. చాలామంది డ్రగ్స్‌లో ఉన్నారు, కొందరికి మతి స్థిమితం లేదు. వాళ్లకు జోనింగ్ మారిస్తే ఏం ఒరుగుతుంది? ముందు వైద్యం, తర్వాత ఇల్లు. మా ఆవిడ ఆ దారిలో ఒంటరిగా నడవలేకపోతోంది, ఆ భయానికి కూడా విలువ ఇవ్వాలి కదా.

వంశీ_శాన్‌హోసే
మేడం గారి భయం నిజమైనదే ప్రసాద్ గారూ. వైద్యం అక్కర్లేదని ఎవరూ అనరు. కానీ ఈ ప్రశ్న చూడండి. డ్రగ్స్ ఓవర్‌డోస్ మరణాల రేటులో దేశంలో ముందుండే రాష్ట్రం వెస్ట్ వర్జీనియా. అక్కడ జనాభా లెక్కన చూస్తే ఇల్లులేనివాళ్లు కాలిఫోర్నియాతో పోలిస్తే చాలా తక్కువ. డెట్రాయిట్‌లో పేదరికం సియాటెల్ కంటే ఎంతో ఎక్కువ, ఇల్లులేనివాళ్లు మాత్రం సియాటెల్‌లోనే ఎక్కువ. తేడా అద్దెలో ఉంది. వెస్ట్ వర్జీనియాలో వ్యసనం ఉన్న మనిషికి కూడా అద్దెకు ఏదో ఒక గది దొరుకుతుంది.

సంక్రాంతికి సికింద్రాబాద్ నుంచి విజయవాడ రైలు అనుకోండి. బెర్తులు తక్కువ, వెళ్లేవాళ్లు ఎక్కువ. ముసలివాళ్లు, జబ్బున్నవాళ్లు, చదువురానివాళ్లు ప్లాట్‌ఫారం మీద మిగిలిపోతారు. ఎవరు మిగిలారు అంటే వాళ్ల బలహీనత కారణం కావచ్చు. ఎంతమంది మిగిలారు అంటే బెర్తుల సంఖ్యే కారణం.

2024 జనవరిలో ఒక రాత్రి లెక్కపెడితే దేశంలో ఇల్లులేనివాళ్లు 7,71,480 మంది. ముందటేడుతో పోలిస్తే 18 శాతం ఎక్కువ. దేశ జనాభాలో కాలిఫోర్నియా వాటా 12 శాతం లోపే, ఇల్లులేనివాళ్లలో మాత్రం దాదాపు నాలుగో వంతు ఇక్కడే. ఇంకోటి, ఒకప్పుడు నగరాల్లో వారం అద్దెకు ఒంటి గదుల హోటళ్లు ఉండేవి. బాత్రూం ఉమ్మడి. అమీర్‌పేట హాస్టళ్లలాగే ఒంటరి మనిషి తక్కువ డబ్బుతో బతికే చోటు. మురికివాడల తొలగింపు పేరుతో, కొత్త బిల్డింగ్ రూళ్లతో ఆ గదులు లక్షల సంఖ్యలో పోయాయి. మళ్లీ కట్టడానికి చాలాచోట్ల జోనింగ్ ఒప్పుకోదు. ఆ మనుషులే ఇప్పుడు మీ ఫుట్‌పాత్ మీద ఉన్నారు.

ప్రసాద్_ఎల్ఏ
మరి సుప్రీంకోర్టు 2024లో గ్రాంట్స్ పాస్ అనే ఊరి కేసులో బయట పడుకుంటే ఫైన్ వేయొచ్చని చెప్పింది కదా?

రాధ_హూస్టన్
చెప్పింది. కానీ ఫైన్ కట్టలేని మనిషి మీద ఒక కేసు ఎక్కుతుంది, ఆ కేసు చూసి రేపు ఇల్లిచ్చేవాడు కూడా ఇవ్వడు. మా హూస్టన్ ఇంకో దారి పట్టింది. 2011 నుంచి ఇక్కడ ఇల్లులేనివాళ్ల సంఖ్య 60 శాతానికి పైగా తగ్గింది. మాది డెమోక్రాట్ల నగరం, రిపబ్లికన్ల రాష్ట్రం, డబ్బు కూడా కాలిఫోర్నియా అంత పెట్టలేదు. ఒక్కో సంస్థ తన దారిన తాను పోకుండా నగరం, కౌంటీ, స్వచ్ఛంద సంస్థలు అన్నీ ఒకే లిస్టు పెట్టుకున్నాయి. ముందు ఇంటి తాళం చేతికిచ్చి తర్వాత మందు మాన్పించడం, మానసిక వైద్యం చూస్తారు. పదేళ్లలో 25,000 మందికి పైగా ఇళ్లలోకి చేరారు. గుడి తరఫున వారాంతాల్లో భోజనాలు ఇచ్చే మా బృందానికి ఆ తేడా కళ్లారా తెలిసింది.

ఇది ఇక్కడ కుదిరిందంటే కారణం ఖాళీ అపార్ట్‌మెంట్లు దొరకడం. హూస్టన్‌లో జోనింగ్ చట్టం లేదు. 1998లో నగరం నడిబొడ్డున ఇంటి స్థలం కనీస పరిమాణాన్ని 5,000 నుంచి 1,400 చదరపు అడుగులకు తగ్గించారు, 2013లో నగరమంతా వర్తింపజేశారు. ఒక పాత ఇల్లున్న చోట మూడు టౌన్‌హౌస్‌లు వచ్చాయి. అలాగని ఇది స్వర్గం కాదు. డబ్బున్న పేటలు దస్తావేజు షరతులతో తమను కాపాడుకుంటాయి, వాటిని అమలుచేయడానికి నగరమే లాయర్లను పెడుతుంది. థర్డ్ వార్డ్ లాంటి నల్లవాళ్ల పేటల్లో పాతవాళ్లు పన్నుల భారానికి తట్టుకోలేక కదిలిపోతున్నారు. వరదల సంగతి వేరే చెప్పాలి.

శ్రీను_మిన్నియాపొలిస్
మా ఊరి గురించి రెండు ముక్కలు. 2018లో మా కౌన్సిల్ ఒక్క కుటుంబపు ఇళ్ల జోనింగ్ తీసేసింది. అమెరికాలో పెద్ద నగరాల్లో మొదటిది. పేపర్లన్నీ దాని గురించే రాశాయి గానీ ఆ రూలు వల్ల వచ్చిన ఇళ్లు తక్కువే. అసలు ఇళ్లు వచ్చింది బస్సు తిరిగే రోడ్ల మీద పెద్ద అపార్ట్‌మెంట్లు కట్టనిచ్చి, పార్కింగ్ తప్పనిసరి అనే రూలు తీసేయడం వల్ల. ప్యూ అనే పరిశోధన సంస్థ లెక్క ప్రకారం 2017 నుంచి 2022 వరకు ఇక్కడ ఇళ్లు 12 శాతం పెరిగాయి, అద్దెలు 1 శాతమే పెరిగాయి. మిన్నెసోటాలో మిగతాచోట్ల అద్దెలు 14 శాతం పెరిగాయి. అద్దె తగ్గించమని ఓనర్లను బతిమాలాల్సిన పని లేకపోయింది.

అనిత_జెర్సీ
ఇన్నాళ్లూ ఈ ఫోరంలో చదవడమే గానీ రాయలేదు. "ఎలాంటి వాళ్లొస్తారో" అన్నారు కదా, అలాంటి ఇంట్లో ఉంటున్నాను నేను. మాది నరసరావుపేట దగ్గర పల్లె. పెళ్లయి వచ్చాను, తర్వాత విడాకులయ్యాయి, ఒక బాబు. డేకేర్‌లో పనిచేస్తాను. ఇదే కౌంటీలో వేరే టౌన్‌షిప్‌లో అప్లికేషన్ పెట్టి, లాటరీలో పేరొచ్చేదాకా ఒక ఆంటీ వాళ్ల బేస్‌మెంట్‌లో ఉన్నాం. జీతం స్లిప్పులు, ట్యాక్స్ కాగితాలు, బ్యాంకు స్టేట్‌మెంట్లు అన్నీ చూసి గానీ ఇవ్వరు. ఇది ఉచితం కాదు, నెల నెలా అద్దె కడతాను. మీ పిల్లల్ని చూసుకునే టీచర్లు, మీ అమ్మానాన్నలు హాస్పిటల్‌లో ఉంటే పక్కన కూర్చునే ఎయిడ్‌లు, ఫార్మసీలో మందులిచ్చేవాళ్లు, మా బిల్డింగ్‌లో అందరూ వాళ్లే.

మా బాబు స్కూల్లో వాడి స్నేహితులు పుట్టినరోజులకు పిలుస్తారు. ఇల్లెక్కడ అని వాళ్ల అమ్మలు అడిగితే నేను బిల్డింగ్ పేరు చెప్పకుండా రోడ్డు పేరు చెప్తాను. మన గ్రూపుల్లో వచ్చే మెసేజ్‌లు చదివాక అలవాటైంది.

కృష్ణాతీరం
అనిత గారూ, రాసినందుకు కృతజ్ఞతలు. మీరు ఏ బిల్డింగ్‌లో ఉన్నా దాచుకోవాల్సింది ఏమీ లేదు. ఆ మెసేజ్ పెట్టినవాళ్లతో నేను మాట్లాడతాను, ఇక్కడ చెప్పి ఊరుకోను. పిటిషన్ మీద నేను సంతకం పెట్టడం లేదు.

మోహన్_ఓక్‌ట్రీ
అనితమ్మా, మీ మీద నాకు గౌరవమే ఉంది. నేనన్నది మీలాంటివాళ్ల గురించి కాదు. కానీ సుజాత గారూ, నా ప్రశ్న ఇంకా తీరలేదు. ఇళ్ల ధరలు, స్కూలు. ఈ రెంటికీ సూటిగా జవాబు చెప్పండి. మా ఊళ్లో ఇలాంటి ప్రాజెక్టుకి పైలట్ ఒప్పందం కూడా ఇచ్చారు. బిల్డర్ మామూలు ప్రాపర్టీ ట్యాక్స్ బదులు వేరే లెక్కలో డబ్బు కడతాడు, అందులో స్కూలుకి వాటా రాదని విన్నాను. పిల్లలొస్తారు, డబ్బు రాదు. ఇది న్యాయమేనా?

ప్లానర్_సుజాత
ధరల సంగతి ముందు. మౌంట్ లారెల్‌లో ఆ కేసు తర్వాత కట్టిన ఇళ్లకు ఎథెల్ లారెన్స్ పేరు పెట్టారు. ఆమె చూడకుండానే 1994లో పోయారు, మొదటి కుటుంబాలు 2000 ప్రాంతంలో చేరాయి. ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయ పరిశోధకులు చుట్టుపక్కల పేటల్ని, అలాంటివే వేరే ఊళ్లతో పోల్చి చూశారు. నేరాలు, ఇళ్ల ధరలు, పన్నులు, మూడింటిలోనూ దాని వల్ల వచ్చిన తేడా కనిపించలేదు. అక్కడ చేరిన పిల్లలు మెరుగైన స్కూళ్లకు వెళ్లారు, ప్రశాంతంగా చదువుకునే చోటు దొరికింది.

పిల్లల సంఖ్య. నాలుగు బెడ్‌రూముల విడి ఇంటి నుంచి వచ్చేంత మంది స్కూలు పిల్లలు, సగటున ఒక అపార్ట్‌మెంట్ నుంచి రారు. మన స్కూళ్లు నిండింది ముఖ్యంగా మనలాంటివాళ్లు కొన్న పెద్ద ఇళ్ల వల్ల. మనం వచ్చినప్పుడు ఎవరూ పిటిషన్ పెట్టి ఆపలేదు.

పైలట్ గురించి మాత్రం మీది నూటికి నూరుపాళ్లు సరైన పట్టు. ఆ డబ్బులో 95 శాతం మునిసిపాలిటీకి, 5 శాతం కౌంటీకి వెళ్తుంది. స్కూలు బోర్డుకు దానంతటదే ఏమీ రాదు. కౌన్సిల్ తలుచుకుంటే స్కూలుకి కొంత ఇస్తామని ఒప్పందం చేసుకోవచ్చు, కొన్ని ఊళ్లు చేసుకున్నాయి. అడగకపోతే ఇవ్వరు. కాబట్టి పైలట్ ఆర్డినెన్స్ హియరింగ్‌కి వెళ్లి, స్కూలు వాటా ఎంతో రాతపూర్వకంగా చెప్పమని అడగండి. ప్లానింగ్ బోర్డు హియరింగ్‌లో పిల్లల సంఖ్య గురించి ఎంత అరిచినా లాభం లేదు, రూళ్ల ప్రకారం ఉన్న ప్రాజెక్టును ఆ కారణంతో బోర్డు తిరస్కరించకూడదు. అక్కడ అడగాల్సింది ఫుట్‌పాత్, బస్ స్టాప్, సిగ్నల్, వాన నీరు ఎటు పోతుంది అన్నవి. అఫర్డబుల్ యూనిట్లను వెనకెక్కడో వేరే బిల్డింగ్‌లో పెట్టకుండా అన్నిట్లో కలిపి పెడుతున్నారా అని కూడా అడగండి. వాటిలో కనీసం 20 శాతం మూడు బెడ్‌రూములవి ఉండాలని రాష్ట్ర నియమం. కుటుంబాలు రాకుండా చూసుకోవడానికి కొందరు చిన్నవి ఎక్కువ పెడతామని అడుగుతుంటారు, గమనించండి.

మోహన్_ఓక్‌ట్రీ
స్కూలు వాటా మీద నేను మాట్లాడతాను. కృష్ణాతీరం గారూ, మీ ఊరి హియరింగ్ ఎప్పుడో చెప్పండి. మీ టౌన్‌షిప్‌లో ఓటు లేకపోయినా మా పిల్లలు ఆ రీజినల్ హైస్కూలుకే వెళ్తారు. పబ్లిక్ కామెంట్‌కి పక్క ఊరివాళ్లను మాట్లాడనిస్తారా?

ప్లానర్_సుజాత
కౌన్సిల్ మీటింగ్‌లో ఎవరైనా మాట్లాడొచ్చు. పేరు, ఊరు చెప్పి మొదలుపెట్టండి. అక్కడ టైము తక్కువ ఇస్తారు కాబట్టి స్కూలు వాటా ప్రశ్నతోనే మొదలుపెట్టండి, ట్రాఫిక్ తర్వాత.